ఒకరి కంటి మందు

కంచరపాలెం, విశాఖపట్నం
12 నవంబరు 1979

బావకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాలేదని చెల్లెలు నీ మీద, నువ్వు పోస్టుమాన్ మీద కోపగించుకుని ఉంటారు. తప్పు ఎవరిదీ కాదు. నాకు కళ్లు తెరుచుకోలేదు, అంతే.

మా గ్యాంగులో ముందు ఒకడికి కళ్లకలక వచ్చింది. హార్బరులో ఇనుపరాయిని ఓడకి ఎత్తేచోట మేమంతా ఒకే కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటాం, ఒకే తువ్వాలుతో తుడుచుకుంటాం. వారం తిరిగేసరికి అందరివీ ఎర్రకళ్లే. పొద్దున్న లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోయేవి. మా ఇంటిది చిట్టమ్మ గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి తడిపితేగాని విడేవి కావు.

హార్బరు డిస్పెన్సరీలో నరసింహమూర్తి డాక్టరుగారు చూసి, కంట్లో వేసుకునే చుక్కల మందు ఒక చిన్న సీసా ఇచ్చారు. ఆయన మందు కన్నా మాటలు ఎక్కువ ఇస్తారు. చేతులు కడుక్కుని వేసుకో, సీసా మూతి కంటికి తగలనివ్వకు, తగ్గిందని మధ్యలో మానకు, తువ్వాలు వేరే పెట్టుకో, ఈ సీసా ఇంకెవరికీ ఇవ్వకు. అన్నిటికీ తల ఊపి వచ్చేశాను. చిట్టమ్మ పూటపూటకీ వేసింది. తగ్గిపోయింది. నీళ్లలా ఉండే మందు ఇంత పని చేస్తుందని నేననుకోలేదు.

ఎండ పడక నల్లద్దాలు పెట్టుకుని పనికి వెళ్లాను. మా మేస్త్రీ అందరి ముందూ, "ఒరే సన్యాసీ, ఏటిరా ఆ జోడు? సినిమాలో ఏసాలకి ఎల్తన్నావేటి? ఎల్లే ముందు ఈ బుట్ట ఎత్తేసి ఎల్లు" అన్నాడు. నవ్వితే కళ్లు మండాయి.

సీసాలో సగం మందు మిగిలింది. అద్దం పక్క గూట్లో పెట్టాను. ఇంట్లో ఒక మందు ఉందంటే ధైర్యంగా ఉంటుంది.

వరి కోతకి వచ్చిందా? చెల్లెల్నీ మేనకోడల్నీ అడిగానని చెప్పు.

సన్యాసిరాజు

లింగాలవలస, పాలకొండ దగ్గర
20 డిసెంబరు 1979

బావకు,

నీ కళ్లు బాగయినందుకు సంతోషం. నీ ఉత్తరం మా అమ్మాయి అసిరి పైకి చదివింది. మేస్త్రీ మాట దగ్గర మీ చెల్లెలు పైడితల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

కోతలైపోయి నూర్పులు పట్టాం. సోమవారం కళ్లంలో ఆమె చేటతో తూర్పార పోస్తుంటే గాలి తిరిగింది. పొట్టు వచ్చి మొహాన కొట్టింది. కుడికంట్లో ఏదో దిగబడింది. నీళ్లు కొట్టాం, కొంగుచివరతో తుడిచాం, రాలేదు. పక్కింటి పోతమ్మని పిలిచాం. మన ఊళ్లో ఎవరి కంట్లో నలక పడినా ఆమే నాలుకతో తీస్తుంది, నీకు తెలుసు. చిన్నప్పుడు నీకూ తీసింది.

"కదలకే పైడీ, మొకం ఇలాగెట్టు. నానున్నాను కదేటి" అని రెప్ప విప్పి నాలుకతో తీసేసింది. అరచేతిలో ఉమ్మి చూపించింది. వరిగింజ మీది నూగు ముక్క.

నలక వచ్చింది గాని మర్నాటికి కన్ను ఎర్రబడింది. నందివర్ధనం పువ్వులు తడిపి కట్టాం. బాలింత చనుబాలు పోశాం. కాస్త తగ్గి మళ్లీ ఎర్రబడింది. నీళ్లు కారుతున్నాయి.

పాలకొండ ఆసుపత్రికి వెళ్దామంటే, నూర్పులు వదిలి రాదు. "మా అన్న కాడ మందు మిగిలున్నాది కదా. అన్నకీ ఎర్రకన్నే, నాకూ ఎర్రకన్నే. అదేస్తే పోద్ది. రాయి" అంటోంది. అందుకే రాస్తున్నాను. మన ఊరి తాతబాబు కొండచీపుళ్లు అమ్ముకోడానికి పూర్ణా మార్కెట్టుకి వస్తున్నాడు. అతనికి ఇయ్యి.

గింజ బాగానే దిగింది. తాలు తక్కువ.

పోలిరాజు

కంచరపాలెం
26 డిసెంబరు 1979

బావకు,

తాతబాబు ఇంటికి వచ్చాడు. టీ తాగి, చిట్టమ్మకి ఒక చీపురు ఇచ్చి వెళ్లాడు. సీసా అతని చొక్కా జేబులో పెట్టి గుండుసూది గుచ్చాను.

పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు ఒక్కొక్క చుక్క. కింద రెప్ప లాగి వేయాలి. ఇంకెవరికీ ఇవ్వొద్దని డాక్టరుగారు అన్న మాట నిజమే. కాని అది బయటివాళ్ల గురించి చెప్పిన మాట. తోడబుట్టినదానికి ఇవ్వకుండా గూట్లో దాచుకుంటే, రేపు ఆవిడ కళ్లలోకి నేనెలా చూస్తాను?

అయినా పోతమ్మ నాలుక ఉండగా నా మందెందుకని అడుగు. నా కంట్లో నలక తీసినప్పుడు ఆమె నోట్లో చుట్టకంపు. నలక కన్నా అదే ఎక్కువ మండింది.

తగ్గాక ఒక ముక్క రాయి.

సన్యాసిరాజు

లింగాలవలస
4 జనవరి 1980

బావకు,

సీసా అందింది. వేసిన మర్నాటికే చల్లగా ఉందంది. మూడు రోజులకి తేలికపడింది. మందు దండగెందుకని మానేసి గూట్లో పెట్టింది.

మీ చెల్లెలి సంగతి నీకు తెలియనిది కాదు. పచ్చడి పెడితే నాలుగిళ్లకి పోవాల్సిందే. పట్నం మందని తెలిసి పోతమ్మ వచ్చింది, ఆమెకి ఎప్పుడూ కళ్లనీళ్లు కారతాయి. ఆమెకి వేసింది. అప్పలసూరి కొడుక్కి కన్ను వాచిందని వచ్చారు, వాడికి వేసింది. మా అరుగు మీద వరసగా కూర్చునేవారు. ఒక్క చుక్క కింద పడనివ్వదు. సీసా మూతి రెప్పకి ఆనించి పిండుతుంది. మూత ఎక్కడో పడిపోయింది. దూది ఉండ పెట్టి ఉంచుతున్నాం.

ఇప్పుడు మళ్లీ తన కన్ను ఎర్రబడింది. ఈసారి పోటు కూడా ఉంది. వెలుతురు చూడలేకపోతోంది. పొయ్యి దగ్గర కుడికన్ను మూసుకుని వండుతోంది. సీసాలో మిగిలిన కాస్తా వేసుకుంది, ఆగలేదు. సీసా అయిపోయింది. అటువంటిదే ఇంకొకటి దొరికితే పంపు. ఇంకా గట్టి మందు ఉంటే మరీ మంచిది.

మినుములు మొలిచాయి. పొగమంచు ఎక్కువగా ఉంది ఈ యేడు.

పోలిరాజు

కంచరపాలెం
9 జనవరి 1980

బావకు,

నా సీసా ఊరందరికీ తిరిగిందన్నమాట. ఇదేమైనా ప్రసాదమా బావా, వరసలో కూర్చోబెట్టి పెట్టడానికి? లింగాలవలస కళ్లన్నిటికీ నేనొక్కణ్ణే గతా? రేపు దూడలకీ గేదెలకీ కూడా నా మందే వేస్తారు కాబోలు.

డిస్పెన్సరీకి వెళ్దామనుకున్నాను గాని, అక్కడ మాకూ మా పెళ్లాంబిడ్డలకే ఇస్తారు. పైగా పాత సీసా ఏం చేశావని డాక్టరుగారు అడిగితే ఏం చెప్పను? అందుకని బజారులో ఒక మందుల షాపుకి వెళ్లాను. కన్ను ఎరుపు, నీళ్లు, పోటు, ముందు వేసిన మందుకి లొంగలేదు అని చెప్పాను. షాపతను చీటీ కూడా అడగలేదు. "ఇది ఎయ్యండి. ఎరుపూ పోటూ ఇట్టే లాగేత్తాది. అందరూ ఇదే అట్టుకెల్తన్నారు" అని కొత్తరకం మందు ఇచ్చాడు. రెండు సీసాలు కొన్నాను. అట్టపెట్టెలు తీసేసి సీసాలు మాత్రం తాతబాబుకి ఇచ్చాను, జేబులో పట్టాలని.

ఒక సీసా చెల్లెలికే ఉంచు. రెండోది మీ ప్రసాదానికి.

సన్యాసిరాజు

లింగాలవలస
21 జనవరి 1980

బావకు,

నీ షాపతనికి దండం పెట్టాలి. రెండు రోజుల్లో పోటు పోయింది. నాలుగో రోజుకి ఎరుపు విరిగింది. కన్ను పాలలా తెల్లబడింది. పొలానికి వస్తోంది, నీళ్లు మోస్తోంది. "సూసినావా మా అన్న సత్తువ" అని నన్ను ఎత్తిపొడుస్తోంది. ఈసారి మానకుండా వేసుకుంటోంది.

అసిరి అయిదో తరగతిలో లెక్కల్లో మొదట వచ్చింది. పలక మాని నోటుబుక్కు కావాలంటోంది. ఎర్రావు చూడితో ఉంది. పాలకొండ రోడ్డు మీద వంతెన పని మొదలెట్టి ఆపేశారు, ఎప్పటిలాగే.

చెప్పడం మరిచాను. నల్లగుడ్డు మీద తెల్లగా ఆవగింజంత చుక్క ఒకటి కనబడుతోంది. నొప్పి లేదు. ఆ కంటితో చూస్తే పొగమంచులా ఉందంటుంది. అసలే మంచు రోజులు. ఎండ ఎక్కితే పోతుందని అనుకుంటున్నాం.

నీ ప్రసాదం మాటకి మీ చెల్లెలు నవ్వింది. అరుగు మీద పోతమ్మ కూడా ఉంది, అసిరి పైకి చదివింది. పోతమ్మ లేచి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. అడిగిన వాళ్లకి పెట్టడం మా ఇంట్లో తప్పు కాదు. ఇక ముందు అటువంటి మాటలు రాయకు.

పోలిరాజు

కంచరపాలెం
25 జనవరి 1980

బావకు,

ఈ ఉత్తరం అందిన వెంటనే ఆ మందు వేయడం ఆపు. మిగిలిన సీసా ఎవరికీ ఇవ్వకు. ఒక్క చుక్క కూడా, ఎవరికీ. చెల్లెల్ని వెంటబెట్టుకుని మొదటి బస్సుకి బయల్దేరు. నువ్వు రాలేకపోతే తాతబాబు వెంట పంపు. సంగతులు ఎదురుగా చెబుతాను.

సన్యాసిరాజు

లింగాలవలస
1 ఫిబ్రవరి 1980

బావకు,

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందింది. ఎలా ఉన్నారని లేదు, ఎందుకని లేదు. ఆపు, ఇవ్వకు, పంపు. మీ గ్యాంగులో మేస్త్రీ కూడా ఇంత పొడిగా చెప్పడేమో.

పంపేటప్పుడు నువ్వే పంపావు. నలుగురూ వాడుతున్నారని తెలిశాక నీకు కష్టంగా తోచింది. నేను ఒక మాట అన్నందుకు కోపం వచ్చింది. సరే. ఒక సీసా మూత కూడా తీయలేదు, తాతబాబు వెంట తిప్పి పంపుతున్నాను. ఇక మా కళ్ల సంగతి మేం చూసుకుంటాం.

మీ చెల్లెలు నాతో గొడవ పడింది. "మా అన్న అలాటోడు కాడు. ఇందులో ఏటో ఉన్నాది" అంది. "ఏటున్నాదే? పిసినారితనం ఉన్నాది" అన్నాను. రాత్రి అన్నం తినలేదు. కాని మందు మాత్రం ఆపలేదు. ఒక రోజు ఆపి చూస్తే మళ్లీ పోటు పుట్టిందంట. తెరిచిన సీసాలోది రోజూ వేసుకుంటూనే ఉంది.

నువ్వు అడగలేదు గాని చెబుతున్నాను. ఆ చుక్క ఇప్పుడు మినపగింజంత అయింది. పని చేసుకుంటోంది.

పోలిరాజు

కంచరపాలెం
13 ఫిబ్రవరి 1980

బావకు,

నేను వచ్చి చెల్లెల్ని తీసుకెళ్లిన రోజు నువ్వు అరుగు దిగలేదు. నేనూ సరిగా మాట్లాడలేదు. ఆమె ఎదుట చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఉత్తరం అసిరి చేతికి ఇవ్వకు, నువ్వే చదువుకో.

నీ జనవరి ఉత్తరంలో ఆవగింజంత చుక్క అని చదివాక నాకు నిలకడ లేదు. మందుల అట్టపెట్టెలు ఇంట్లోనే ఉన్నాయి. అవి పట్టుకుని నరసింహమూర్తి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెట్టె మీది అక్షరాలు చదివి, "ఎవరికి వేస్తున్నారు ఇది?" అని అడిగారు. చెప్పాను. వరిపొట్టు తగిలిందని చెప్పగానే కుర్చీలోంచి లేచారు.

ఎర్రగా ఉన్న కళ్లన్నీ ఒకటి కావట బావా. నాది కళ్లకలక. చెల్లెలిది దెబ్బ తగిలిన కన్ను. నూగు ముక్క నల్లగుడ్డు మీద గీరింది. ఆ గీత మీద పోతమ్మ నాలుక మురికి కూడా చేరింది. గడ్డీ గింజా తగిలిన పుండులో బూజులాంటిది పెరుగుతుందట. నా మొదటి సీసా మందు దాన్ని చంపలేదు. షాపులో కొన్న రెండో మందులో ఎరుపునీ పోటునీ అణిచేది ఇంకొకటి కలిసి ఉంది. దానితో ఎరుపు పోయింది, పోటు పోయింది, అడ్డూ ఆపూ లేక పుండు ఎదిగింది. కన్ను పాలలా తెల్లబడిందని నువ్వు రాసిన రోజే అది లోపల తింటోంది.

ఇదంతా ఉత్తరంలో రాస్తే అసిరి పైకి చదువుతుంది, తల్లి వింటుంది, బస్సెక్కే లోపే గుండె జారిపోతుంది. అందుకని నాలుగు ముక్కలు రాశాను. కారణం రాయకపోతే నువ్వు ఇంకోలా అనుకుంటావని నాకు తోచలేదు.

పెద్దాసుపత్రి కళ్లవార్డులో మంచం దొరికింది. డాక్టరమ్మ పుండుని కాస్త గీకి గాజుపలక మీద పెట్టి చూసి మందు మార్చింది. రెండు సీసాలు. ఒకటి గంటగంటకీ, రాత్రుళ్లు కూడా. రెండోది రోజుకి రెండుసార్లు. ఒకటి వేశాక కాసేపు ఆగి రెండోది వేయాలి, వెంటవెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది. చిట్టమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. చేతులు సబ్బుతో కడగాలి. కింద రెప్ప లాగితే చిన్న గుంటలా అవుతుంది, చుక్క అందులో పడాలి. మూతి ఎక్కడా తగలకూడదు. తగిలితే ఆ కంట్లోది సీసాలోకి వస్తుంది, సీసాలోది మళ్లీ కంట్లోకి పోతుంది. నరసింహమూర్తిగారు ఈ మాటలు నాకు నవంబరులోనే చెప్పారు. నేను తల ఊపాను.

నిన్న నేను బయటినుంచి వచ్చేసరికి చెల్లెలు సీసా పట్టుకుని పక్కమంచం మీదికి వంగి ఉంది. అక్కడ ఒక ముసలమ్మ పడుకుంటుంది. ఎవరూ రారు. "ఏటి సేత్తన్నావే?" అని అరిచాను. "అరవకు అన్నా. దీనికి ఎవులూ నేరు. ఒక్క సుక్కేత్తే నా మందు అయిపోద్దేటి?" అంది. నర్సమ్మ వచ్చి సీసా లాక్కుంది. అప్పుడు డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. నేను మీ దగ్గర దాచినవన్నీ ఒక్క నిమిషంలో చెప్పేసింది. చెల్లెలు ఏడవలేదు. "అయితే మా ఈదిలోళ్ల కళ్లు ఎలాగున్నాయో. నానేసినాను అందరికీ" అంది.

వాళ్ల సంగతి చూసి రాయి. ఎవరికైనా పోటుగా ఉన్నా, చూపు తగ్గినా ఊళ్లో ఉంచొద్దు.

సన్యాసిరాజు

లింగాలవలస
19 ఫిబ్రవరి 1980

బావకు,

నీ ఉత్తరం కళ్లంలో కూర్చుని చదువుకున్నాను. ఇంటికి తీసుకెళ్లలేదు.

వీధిలో అడిగాను. అప్పలసూరి కొడుక్కి తగ్గిపోయింది. పోతమ్మకి రెండు కళ్లూ పుసి కడుతున్నాయి. పాలకొండ ఆసుపత్రికి తీసుకెళ్లాను, అక్కడ మందు ఇచ్చారు. దారిలో ఆమె నాతో మాట్లాడలేదు.

ఎర్రావు ఈనింది. పెయ్యదూడ. పైడితల్లికి చెప్పు. అసిరి వంట చేస్తోంది, చేతులు కాల్చుకోవడం లేదని చెప్పు.

ఒక్కటి అడుగుతున్నాను. కన్ను వస్తుందా, రాదా. డాక్టరమ్మ ఏమందో అదే రాయి. ఈసారి దాచకు.

పోలిరాజు

కంచరపాలెం
5 మార్చి 1980

బావకు,

పుండు మానింది. కన్ను తీయాల్సిన పని రాలేదు. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు మిగిలిపోయింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది. ఎదురుగా చెయ్యి ఊపితే నీడలా తెలుస్తుంది. ఎన్ని వేళ్లో తెలియదు. ఇంతకన్నా రాదని డాక్టరమ్మ అంది. ఎరుపు మొదలైనప్పుడే తెచ్చి ఉంటే, ఆ షాపు మందు పడకుండా ఉంటే, చిన్న మచ్చతో పోయేదంది. దాచకుండా రాశాను.

మొదటి సీసా ఇచ్చింది నేను. రెండోది డాక్టరుని అడగకుండా కొన్నది నేను. నీ ఉత్తరంలో ఈ మాట లేదు. నీ మనసులో ఉండకుండా ఉండదు. ఉండాలి కూడా.

సోమవారం తీసుకువస్తాను. బస్సు దిగేచోట ఉండు. ఎడమపక్క నిలబడు, అటువైపు నుంచి అయితే నిన్ను చూస్తుంది.

సన్యాసిరాజు

లింగాలవలస
30 ఆగస్టు 1981

బావకు,

ఏడాదిన్నర అయింది నీకు రాసి. నువ్వు రాసినవి అందాయి. జవాబు రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ వేసవి గుర్తొచ్చేది. మీ చెల్లెలు కడవ పెట్టబోతే గట్టు తప్పి పగిలిపోయేది, సూదిలో దారం కోసం అసిరిని పిలిచేది. కాగితం మడిచి పెట్టేసేవాణ్ణి. ఈవేళ రాయమని ఆమే కూర్చోబెట్టింది.

ఈ వానల్లో మన వైపు ఊళ్లకి ఊళ్లు కళ్లకలక. బడి మూసేశారు. మీ పట్నంలో కూడా ఎక్కువగా ఉందని పేపర్లో వేశారు. పదిరోజుల కిందట అసిరికి వచ్చింది. పొద్దున్న పిల్ల రెప్పలు విప్పలేక "అమ్మా" అని అరిస్తే, మీ చెల్లెలు నా మొహం కూడా చూడలేదు. చంకన గొడుగు పెట్టుకుని, అసిరిని పట్టుకుని పాలకొండ బస్సెక్కింది. నాట్లు పడుతున్నాయి, మనుషులు పొలంలో ఉన్నారు, అన్నం వండలేదు. ఏదీ చూడలేదు.

డాక్టరు రెండు కళ్లూ లైటుతో చూసి కళ్లకలకే అన్నాడట. "దెబ్బ కాదు కదా బాబూ? పుండు లేదు కదా? సరిగ్గా సూసినావా?" అని మూడుసార్లు అడిగి, ఆయన విసుక్కున్నాక సీసా తీసుకుని వచ్చింది. ఇంట్లో దానికి వేరే తువ్వాలు, వేరే తలగుడ్డ. మందు వేసే ముందు చేతులు కడుగుతుంది, వేశాక కడుగుతుంది. కుడికంటికి చూపు లేదు కాబట్టి తల బాగా పక్కకి తిప్పి ఎడమకంటితో చూసుకోవాలి. మొదట్లో చుక్క బుగ్గ మీద పడేది. నేను వేస్తానన్నాను. ఇవ్వలేదు. "నువ్వు మూతి ఆనించేత్తావు" అంది. ఇప్పుడు సరిగ్గా గుంటలోనే పడుతోంది.

సీసా ఉందని వీధికి తెలిసింది. వచ్చారు. అరుగు మీద వరసగా కూర్చున్నారు, అప్పటిలాగే. మీ చెల్లెలు గడపలో నిలబడింది. ఉంది గాని ఇవ్వనంది. నలభై యేళ్ల మనిషి, ఆ మాట ఇంతవరకూ ఆమె నోట వినలేదు. అప్పలసూరి పెళ్లాం, "మీ అన్న బుద్దులొచ్చీసినాయే నీకూ" అని లేచిపోయింది. పోతమ్మ లేవలేదు.

"నీ కంట్లో నలక నానే కదే తీసినాను, ఈ నాలికతో. మరిసిపోనావేటే పైడీ?" అంది.

"మరిసిపోనేదు అత్తా. అందుకే ఎయ్యను."

ముసలమ్మ శాపనార్థాలు పెట్టింది. మీ చెల్లెలు అన్నీ వింది. అంతా అయ్యాక లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, "లే. బస్సుకి టైమయింది" అని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ మర్నాడు అప్పలసూరి పిల్లల్ని తీసుకెళ్లింది. మూడు రోజులు మా పొలంలో నాట్లు నేనూ కూలీలే చూసుకున్నాం. ఎవరి సీసా వాళ్లకి, ఎవరి తువ్వాలు వాళ్లకి అని ఇంటింటికీ వెళ్లి చూసి వస్తోంది. మెచ్చుకున్నవాళ్లు లేరు. అధికారం చేస్తోందంటున్నారు.

అసిరికి పూర్తిగా తగ్గింది. తగ్గాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసింది. నిన్నటితో అయింది. సీసాలో సగం పైన మిగిలింది. గూట్లో పెడుతుందేమోనని చూశాను. పెరట్లోకి తీసుకెళ్లి, మూత తీసి, బూడిదగుంటలో ఒంచేసింది. చుక్కచుక్కగా పడుతుంటే ఊరుకోలేక సీసాని రాతికేసి కొట్టింది. ఒక్క చుక్క కింద పడనిచ్చేది కాదు, నీకు తెలుసు.

చేతులు కడుక్కుని వచ్చి, నీకు రాయమని నన్ను కూర్చోబెట్టింది. ఏం రాయమంటావని అడిగితే, తల పక్కకి తిప్పి ఎడమకంటితో నన్ను చూసి, "మా అన్న ఇంటిలో అద్దం కాడ గూడున్నాది. అందులో పాతసీసా ఏదైనా ఉంటే పారబొయ్యమను. అదొక్కటే రాయి" అంది.

రాశాను. వీలు చూసుకుని మీరిద్దరూ ఒకసారి రండి.

పోలిరాజు